ప్రెయిరీ సేద్యకుటుంబముల ఛాయాచిత్రములు – సాక్ష్యవిచారము

ఒక దేశపు వ్యవసాయచరిత్రను వ్రాయబూనిన వారికి సామాన్యముగా లభించు ఆధారములు ప్రభుత్వ దస్తరములు, భూమి లెక్కలు, వర్తకుల పద్దులు, వార్తాపత్రికలు. పొలము దున్నినవాడును, పాలు పితికిన ఇల్లాలును వీనియందు పేరుగానో అంకెగానో కానవత్తురు గాని తమంత తాము మాటలాడరు. ఉత్తర అమెరికా నడిమి భాగమున ప్రెయిరీ అని పిలువబడు విశాల తృణభూములయందు పందొమ్మిదవ శతాబ్దపు తుదినుండి ఈ లోపము కొంత తీరినది. అచటి సేద్యగాండ్రు తమ యిండ్లను, పశువులను, బిడ్డలను, పంటలను తామే ఛాయాచిత్రములుగా తీసికొనిరి; లేదా ఇరుగుపొరుగున నున్న ఔత్సాహికులచేత తీయించుకొనిరి. అట్టి చిత్రములను చరిత్రకారుడు ఏ విధమైన సాక్ష్యముగా గ్రహింపవలెను అనునదియే ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము.

దీనినిగూర్చి రెండు తలంపులు కలవు. యంత్రము పక్షపాత మెరుగదు గనుక ఛాయాచిత్రము ఉన్నదున్నట్లు చెప్పుననునది మొదటిది. చిత్రము తీయించుకొనువారు ముస్తాబై నిలుచుందురు గనుక అందు సత్యము లేదనునది రెండవది. ఈ రెంటిని మేము అంగీకరింపము. మా యభిప్రాయమున ఈ చిత్రములు దర్పణములు కావు, కల్పనలును కావు, అవి లేఖలు. లేఖను చదువునపుడు వ్రాసినవారెవరు, ఎవరికి వ్రాసిరి, ఏమి చెప్పదలచిరి, ఏమి దాచిరి అని యడుగుదుము. ఛాయాచిత్రమును గూడ ఆ విధముగనే అడుగవలెను.

మొదట ఆ భూమి స్థితిని సంగ్రహముగా తెలిసికొనుట యవసరము. 1862లో అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వము చేసిన హోమ్‌స్టెడ్ చట్టము ననుసరించి, ఐదేండ్లు కాపురముండి సేద్యము చేసినవారికి 160 ఎకరముల భూమి స్వల్ప రుసుముతో దక్కెడిది. వర్షము తక్కువైన సీమలకు 1909లో ఈ పరిమితి 320 ఎకరములకు పెంపబడినది. 1912లో కాపుర గడువు మూడేండ్లకు తగ్గింపబడినది. చెట్లు అరుదైన ఆ నేలలో కలప దొరకదు. అందుచే వలసవచ్చినవారు గడ్డివేళ్లు అల్లుకొనిన నేలను నాగలితో పెళ్లలుగా కోసి, ఇటుకలవలె పేర్చి ఇండ్లు కట్టుకొనిరి. ఆ యిండ్లు వేసవిలో చల్లగను, చలికాలమున వెచ్చగను ఉండెడివి గాని, కప్పునుండి మట్టి రాలుటయు, వాన కురియుటయు తప్పెడిది కాదు.

ఇట్టి యిండ్లను విస్తారముగా చిత్రించినవాడు సాలమన్ బుచర్. ఇతడు 1880లో నెబ్రాస్కాకు భూమిని కోరి వచ్చి, సేద్యము సరిపడక విడిచినవాడు. 1886లో కస్టర్ కౌంటీ చరిత్రను చిత్రసహితముగా వెలువరింపవలెనను సంకల్పముతో బండి కట్టుకొని ఇంటింటికి తిరుగనారంభించెను. 1899లో ఇతని యిల్లు కాలిపోయి, సేకరించిన వ్రాతలు నశించినవి. వేరొకచోట నుంచిన గాజుఫలకలు మాత్రము మిగిలినవి. పట్టు విడువక తిరిగి సమాచారము కూర్చి 1901లో గ్రంథమును ప్రకటించెను. మూడు వేలకు మించిన ఆ ఫలకలు 1912లో నెబ్రాస్కా చరిత్ర సంఘమునకు చేరినవి. బుచర్ ఛాయాగ్రహణమును వృత్తిగా చేసికొనినవాడే గాని, అతడు తీసిన చిత్రములయందు నిర్ణయము తరచుగా గృహస్థులది. అందుచే, సేద్యకుటుంబములు తామే చిత్రములు తీసికొనిన కాలమునకు ఇవి పీఠికవంటివి.

ఆ నిర్ణయమునకు తార్కాణముగా ఒక్క చిత్రము చాలును. ఒక కుటుంబమువారు తమ ఆర్గన్ వాద్యమును ఇంటిలోనుండి బయటికి మోయించి, ఆరుబయట దానిచుట్టు నిలిచి చిత్రము తీయించుకొనిరి. తూర్పున నున్న బంధుమిత్రులకు వాద్యమును చూపవలెనని ఇల్లాలి కోరిక. మట్టిపెళ్లల ఇల్లు మాత్రము వారి కంట పడరాదు. ఈ చిత్రమును వేషమని త్రోసివేయుట తెలివితక్కువ. ఆ కుటుంబమునకు ఏది గౌరవమో, ఏది సిగ్గో ఇంతకంటె స్పష్టముగా చెప్పు దస్తరము మరియొకటి లేదు. ఆవును, గుఱ్ఱములను, కుట్టుయంత్రమును వాకిట నిలిపి తీయించుకొనిన చిత్రములకును ఇదియే అర్థము: ‘మేము చెడిపోలేదు, ఇంతమాత్రము సంపాదించితిమి’ అని దూరముననున్న తమవారికి పంపిన కబురు.

అయితే బుచర్ కొన్ని చిత్రములలో జరిగిపోయిన సంగతులను మరల నటింపజేసెను. 1876 నాటి మిడుతల దండును ఒక రైతు ఎదిరించిన విధమును 1900 ప్రాంతమున చిత్రించి, మిడుతలను నెగటివుపై చేతితో గీసెను. 1885లో సేద్యగాండ్రు పశుస్వాముల కంచెను తెగగొట్టిన సంఘటనయు ఇట్లే తరువాత అభినయింపబడినది. చిత్రము తేదీయు, సంఘటన తేదీయు వేరని యెరుగనివాడు ఈ చిత్రములను 1876కును, 1885కును సాక్ష్యములుగా తీసికొని మోసపోవును. ఎరిగినవానికి అవి 1900 నాటి జనుల జ్ఞాపకమునకు సాక్ష్యములు.

కెమెరా సేద్యగాని చేతికే వచ్చుట తరువాతి ఘట్టము. 1888లో జార్జి ఈస్ట్‌మన్ కోడక్ కెమెరాను వెలువరించెను. దాని వెల 25 డాలర్లు. నూరు చిత్రములకు సరిపడు ఫిల్ము అందుండెడిది. అది చిన్న రైతునకు అందనిది. 1900లో ఒక్క డాలరు వెలతో బ్రౌనీ కెమెరా వచ్చెను. ఆరు చిత్రముల ఫిల్ముచుట్ట వెల 15 సెంట్లు. లియో బేక్‌లాండ్ 1893లో తయారుచేసిన వెలాక్స్ కాగితముమీద ఎండతో పనిలేక దీపపు వెలుగుననే అచ్చు తీయవచ్చును. పగలెల్ల పొలమున నుండువారు రాత్రి వంటయింటనే పని ముగించుటకు వీలయ్యెను. 1896లో ఆరంభమైన గ్రామీణ ఉచిత తపాలా బట్వాడా పల్లె వాకిటికే ఉత్తరములను చేర్చెను. 1903లో కార్డు పరిమాణమున చిత్రములు తీయు కోడక్ యంత్రము వెలువడినది. 1907నుండి కార్డు వెనుక చిరునామా ప్రక్కన సంగతులు వ్రాయుట కనుమతి లభించినది. ఛాయాచిత్రము లేఖ యని మేము పైన చెప్పినది ఇచట అలంకారము కాదు, అక్షరాల సత్యము. సేద్యగాడు తన గోధుమ కుప్పనే కార్డుగా అచ్చు తీసి, బిళ్ల అంటించి పంపగలిగెను.

ఔత్సాహికులలో మిక్కిలి గణింపదగినది ఎవలిన్ కామెరాన్. ఈమె 1868లో ఇంగ్లండులో సంపన్న కుటుంబమున జన్మించి, భర్తతో మొంటానా తూర్పు భాగమునకు వచ్చి టెరీ పట్టణ ప్రాంతమున స్థిరపడెను. పోలో ఆటకు గుఱ్ఱములను పెంచి అమ్మవలెనను వారి వ్యాపారము విఫలమయ్యెను. 1894లో ఈమె తపాలా మూలమున కెమెరా తెప్పించుకొని, నేర్చికొని, చిత్రములను ఒక్కొక్కటి 25 సెంట్లకు అమ్మి ఇల్లు గడుపుకొనెను. డబ్బు పుచ్చుకొనినది గనుక ఈమె ఔత్సాహిక కాదని కొందరనవచ్చును. కాని పాలు పితుకుట, తోటపని, వంట ముగించిన పిదప దొరికిన వేళనే ఆమె చిత్రములు తీసినది. గృహకృత్యములనుండి విడివడని ఈ స్థితియే ఔత్సాహికతకు నిజమైన గుర్తని మేము తలంతుము. 1904 ఆగస్టులో తన వంటయింట పిండి పిసుకుచు తన్ను తానే తీసికొనిన చిత్రమొకటి కలదు. బయటినుండి వచ్చిన వృత్తికారుడు ఆ వేళకు ఆ వంటయింట నుండుట అరుదు. ఉన్నను ఆ పని చిత్రయోగ్యమని తలచుట మరింత అరుదు.

ఈమె చిత్రములకు విశేష ప్రామాణ్యము కలుగుటకు వేరొక కారణము కలదు. 1893నుండి 1928లో మరణించువరకు ఆమె దినచర్యలు వ్రాసెను. ఏనాడు ఏ పని చేసినది, ఎవరి చిత్రము తీసినది అందు కానవచ్చును. చిత్రమునకు వ్రాత తోడై, ఒకదాని కొరతను మరియొకటి తీర్చుచున్నది. ఆమె మరణానంతరము నెగటివులును దినచర్యలును ఒక స్నేహితురాలి యింటి నేలమాళిగలో అర్ధశతాబ్దము పడియుండెను. 1970ల చివర డోనా లూసీ అను రచయిత్రి వానిని పరిశీలించి 1990లో గ్రంథము ప్రకటించినపిమ్మటనే ఆమె కీర్తి వ్యాపించినది. ఆ స్నేహితురాలు వానిని పారవేసియుండినచో టెరీ ప్రాంతపు స్త్రీల శ్రమచరిత్రలో ఒక అధ్యాయము లేకపోయియుండెడిది.

ఇక ఈ లేఖలు చెప్పని సంగతులను చూడవలెను. కుటుంబపు ఆల్బములలో పెండ్లి, కొత్త యంత్రము, నూర్పిడి కూలీల బంతి, పాఠశాల బిడ్డలు తరచుగా కానవత్తురు. అప్పు, కలహము, ఎండిన చేను, ఇల్లు విడిచిపోవు దినము అరుదు. 1917 తరువాత తూర్పు మొంటానాలో అనావృష్టిచే అనేకులు భూములు విడిచిపోయిరి. కెమెరా తీయ మనసు పుట్టని దినములవి. 1930లలో ఫెడరల్ ప్రభుత్వము పంపిన ఛాయాగ్రాహకులు మాత్రము ఈ నాశమునే వెదకి తీసిరి. 1936లో ఆర్థర్ రాత్‌స్టీన్ ఓక్లహోమాలోని సిమరాన్ కౌంటీలో దుమ్ముగాలి నడుమ పోవు తండ్రీకొడుకుల చిత్రమును తీసెను. ఆ యేడే దక్షిణ డకోటాలో ఒక పశువు పుఱ్ఱెను కొంచెము జరిపి తీసినందుకు అతనిపై పెద్ద వివాదము చెలరేగెను. గృహస్థుడు తన కలిమిని ముందుకు జరుపును. ప్రభుత్వచిత్రకారుడు లేమిని ముందుకు జరుపును. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినవానికే ఆ కాలము తెలియును.

వీనికంటె పెద్ద మౌనమొకటి కలదు. బుచర్ చిత్రములలో ఇంటి వెనుక నేల శూన్యముగా కానవచ్చును. ఆ శూన్యము సహజము కాదు. నెబ్రాస్కా నేలలో తరతరములుగా నివసించిన పానీ జాతివారు 1870లలోనే ఇండియన్ టెరిటరీకి తరలిపోవలసివచ్చెను. 1877లో ఏర్పడిన కౌంటీకి, మూలజాతులతో యుద్ధమున అంతకు ముందటియేడు మరణించిన సేనాని కస్టర్ పేరు పెట్టబడెను. ఖాళీగా కానవచ్చు నేల ఖాళీ చేయబడిన నేలయని చిత్రము చెప్పదు. ఆ సంగతిని చరిత్రకారుడే దానిప్రక్కన వ్రాసికొనవలెను.

మరియొకవైపు, తీసినవాడు ఉద్దేశింపని సంగతులును చిత్రమున చేరును. బుచర్ ఫలకలను ఆధునిక కంప్యూటరు యంత్రములతో సూక్ష్మముగా ప్రతిబింబించినపుడు, పూర్వము నల్లని మచ్చలుగా నున్న ద్వారముల లోపలి సామగ్రి కంటికి కనబడినది. దాచదలచిన యింటిలోపలి భాగము నూరేండ్ల పిదప తెరచుకొనినది. గృహస్థులు చూపదలచినది వారి మనసునకు సాక్ష్యము. తెలియక చూపినది వారి బ్రతుకునకు సాక్ష్యము.

తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. ప్రతిని వ్రాసినవాని పేరు, కాలము, ఊరు తెలుపు చివరి వాక్యములు లేనిచో ప్రతి విలువ ఎంత తగ్గునో వారెరుగుదురు. ఛాయాచిత్రమునకు అట్టి గద్య దాని వెనుకవైపు వ్రాత. వెనుక పేరులేని చిత్రము ఒక్క తరము దాటగానే ఎవరిదో తెలియని ముఖమై మిగులును. కావున పరిశోధకవిద్యార్థులు చిత్రమును ముందువైపు చూచుటతో ఆగక వెనుకకు త్రిప్పిచూడవలెను; తోడి లేఖలను, దినచర్యలను వెదకవలెను; పాత ఆల్బము ఇంటిలో నున్నవారు పెద్దలు జీవించియుండగనే పేర్లడిగి పెన్సిలుతో వ్రాసియుంచవలెను. ప్రెయిరీ సేద్యగాండ్రకు చేకూరిన ఈ భాగ్యము మన రైతుకుటుంబములకును చేకూరుట, చేజారుట ఆ కొద్ది శ్రమపై ఆధారపడియున్నది.