ఈసారి మూల నుంచి కుడదాం

చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికి రండి. గచ్చు ఇప్పుడే తుడిచారు, తడి ఇంకా ఆరలేదు. సోఫాని గోడకి జరిపేశారు, టీపాయి వరండాలోకి వెళ్లిపోయింది. బొంత కుట్టాలంటే మొదట చోటు కావాలి. ఇద్దరు మనుషులు కాళ్లు బారచాపి పడుకునేంత ఖాళీ నేల ఉంటేగాని పని మొదలవదు. మంగళగిరిలోని ఈ పాత డాబా ఇంట్లో అంత జాగా హాల్లోనే ఉంది.

పెద్దమ్మ చీర పరుస్తోంది. లేత పసుపు నేత చీర. ఉతికి ఉతికి రంగు వెలిసింది, చేతికి తగిలీ తగలనంత మెత్తబడింది. చీర పొడవు దాదాపు 18 అడుగులు, పన్నా 4 అడుగులకి అటూ ఇటూ. మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, మూడు పొరల మందం. ఒక మనిషి కప్పుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. టేపు తీయనక్కర్లేకుండా చీరలోనే బొంత కొలత ఉంది. మధ్యలో దూది కూడా అక్కర్లేదు. దూది తడిస్తే ఉండకడుతుంది. గుడ్డ మీద గుడ్డ వేసి కుట్టిన బొంతని ఎన్నిసార్లయినా ఉతుక్కోవచ్చు. పొరల మధ్య చిక్కిన గాలే చలిని ఆపుతుంది.

కోడలు బీరువా అడుగు అరలోంచి మూటలు దించింది. ముడి విప్పగానే కర్పూరం వాసన. నిజాం అంచు చీరల ముక్కలు, చిరిగిన పోచంపల్లి దుప్పటి, పెడన అచ్చుల కలంకారీ జాకెట్టు గుడ్డలు, మనవరాలి చిన్నప్పటి పావడా, పెద్దాయన గళ్ల లుంగీ, వీధి చివర టైలరుని అడిగి తెచ్చుకున్న పీలికలు. మీ చెయ్యి ముందు రంగు మీదికి పోతుంది. ఎర్రది తీస్తారు, దాని పక్కన నెమలికంఠం రంగు పెట్టి చూస్తారు. పెద్దమ్మ మాత్రం ముక్కని కిటికీ వెలుగుకి పట్టుకుంటుంది. పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి గుంజుతుంది. ఐమూలగా లాగితే ఎంత సాగుతుందో చూస్తుంది.

"ఇది పక్కన పెట్టమ్మాయ్. సూది పడగానే చిరుగుద్ది."

"రంగెంత బాగుందో చూడండి అత్తయ్యా."

"బాగుంది. బొంతలో వేశాక నాలుగు ఉతుకులు ఆగాలిగా?"

తర్వాత రంగు పరీక్ష. తెల్ల చేతిరుమాలు తడిపి, ముదురు ముక్కల మీద గట్టిగా రుద్దాలి. మెరూన్ గుడ్డ మీద రుద్దిన రుమాలు గులాబీ రంగుకి తిరిగింది. అంటే అది పక్కనున్న తెల్లదాన్ని పాడుచేస్తుంది. దాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా జాడించాలి, అప్పటికీ దిగుతుంటే వదిలేయాలి. సిల్కూ, జార్జెట్టూ వేరే కుప్పలోకి వెళ్లాయి. అవి నూలు గుడ్డతో కలిసి ముడుచుకోవు, కలిసి సాగవు. ఒకే బొంతలో వేస్తే ఉతికిన ప్రతిసారీ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. చూస్తుండగానే గుట్టంత మూట మూడు కుప్పలయింది: మందం, మధ్యరకం, పలచన.

ఇప్పుడు కచ్చాకుట్టు. పెద్దమ్మ చీర మధ్యలో కూర్చుని అక్కణ్ణుంచే మొదలుపెట్టింది. అరచేత్తో నడిమి నుంచి అంచుకి తోస్తూ, ముడతల్ని బయటికి పంపిస్తూ, జానెడు దూరానికో వరస పెద్ద పెద్ద టాకాలు వేస్తోంది. ఆ చెయ్యి వెళ్లినచోట గుడ్డ నేలకి అంటుకుపోతోంది. మామూలుగా అయితే దీని తర్వాత పైన ఇంకో చీర పరిచి, అంచు చుట్టూ తిరిగి, లోపలికి వేలెడు దూరంలో మళ్లీ చుట్టూ తిరిగి, వరస మీద వరస కుట్టుకుంటూ పోవడమే. ఈ ఇంట్లో పిల్లల పొత్తిళ్ల దగ్గర్నుంచి పెద్దల పక్కల దాకా అన్నీ అలా తయారైనవే.

"ఈసారి మూల నుంచి కుడదాం అత్తయ్యా" అంటుంది కోడలు. ఫోను ముందుకు జరిపింది.

తెర మీద కవంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవి ఊళ్లలో, యల్లాపూర్, హళియాళ్, ముండగోడు ప్రాంతాల్లో సిద్దీ స్త్రీలు కుట్టే బొంత అది. సిద్దీలు ఆఫ్రికా నుంచి శతాబ్దాల క్రితం మన దేశపు పడమటి తీరానికి వచ్చిన, తీసుకురాబడిన మనుషుల సంతతి. వాళ్లు ముక్కల్ని ముందుగా కలిపి కుట్టుకోరు. కింద పరిచిన పాత చీర మీద ఒక మూల మొదటి ముక్క పెట్టి, అంచులు లోపలికి మడిచి, పొరలన్నీ కలిపి అక్కడికక్కడే కుట్టేస్తారు. రెండో ముక్క మొదటిదాని విడి అంచుని కప్పుతుంది, మూడోది రెండోదాన్ని. అలా నాలుగు వైపులా చుట్టి, మళ్లీ లోపలి వరస పట్టుకుని, చివరికి నడిమికి చేరతారు. ముక్కలు అతకడం, పొరలు కలపడం ఒకే పనిలో అయిపోతాయి. ఏ ముక్క పక్కన ఏది రావాలన్నది ఆ క్షణంలో చెయ్యి తేల్చుకుంటుంది.

పెద్దమ్మ ఫోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అడిగిన ప్రశ్న అసలైన పనివాళ్లు అడిగేది. "అంచు నుంచి లోపలికొస్తే, వదులంతా నడిమికి చేరుద్దిగా? బుడగలా లేస్తే ఏం చేస్తారు?"

ఇక్కడే కొంచెం ఆగి చూడండి. బొంత విద్యంతా ఈ ప్రశ్నలో ఉంది. నడిమి నుంచి బయటికి పోతే ముడత తప్పించుకోవడానికి దారి ఉంటుంది. బయటి నుంచి లోపలికి వస్తే దానికి దారి మూసేసినట్టే. అయినా ఒక జాతి స్త్రీలు తరతరాలుగా అలాగే కుడుతూ చదునైన బొంతలు తీస్తున్నారంటే, ఆ చేతుల్లో గుడ్డని అదిమిపట్టే ఒడుపు ఉంది. ఈ హాల్లో ఆ ఒడుపు ఇంకా ఎవరికీ లేదు. ఉన్నది పెద్దమ్మ కచ్చాకుట్టు. నడిమి నుంచి వేసిన ఆ టాకాలు పొరల్ని ముందే కదలకుండా పట్టుకున్నాయి. ఇక అంచు నుంచి అసలు కుట్టు వేసుకుంటూ రావచ్చు. చుట్టు పూర్తయినప్పుడల్లా బొంతని నేల మీద పరిచి, అరచేత్తో రాసి, ఎక్కడ లేస్తుందో చూసుకుని, తర్వాతి ముక్కని అక్కడ కాస్త చిన్నది వేయాలి. టాకాలు మనవి, చుట్టు వాళ్లది. రెండూ ఒకే గుడ్డ మీద కుదిరాయి.

"మీరూ కూర్చోండి" అని సూది మీ చేతికి ఇస్తుంది పెద్దమ్మ. దారం మూరెడు మించనివ్వదు. పొడుగైతే చిక్కుపడుతుంది, గుడ్డలోంచి లాగిలాగి నలుగుతుంది. కొవ్వొత్తి ముక్క మీద దారాన్ని ఒకసారి లాగితే జారుడు వస్తుంది. ముడి పొరల మధ్యకి పోయేలా మొదటి పోటు లోపలి నుంచి. కుడిచేతి నడిమివేలికి అంగుస్తానా. ఎడమచెయ్యి బొంత కింద. మొన కింద వేలికి సన్నగా తగలగానే పైకి తిప్పాలి. తగిలిందంటే అన్ని పొరలూ దాటిందని గుర్తు. సూది మీద నాలుగైదు పోట్లు ఎక్కించి ఒక్కసారి లాగితే టప్‌మని దారం బిగుస్తుంది. ఎక్కువ బిగిస్తే గుడ్డ కుచ్చులు పోతుంది, వదిలితే వేలికో గాజుకో తట్టుకుంటుంది. మీ కుట్లు మొదట ఒకటి బియ్యపుగింజంత, ఒకటి కందిగింజంత పడతాయి. రెండు వరసలయ్యేసరికి చెయ్యి తనంతట తనే లయ పట్టుకుంటుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పని వరండాలోకి మారింది. అక్కడ తొక్కుడు మిషను ఉంది. కోడలు రెండో ప్రయోగానికి టైలరు పీలికలు వాడుతోంది. అమెరికాలో లాగ్ క్యాబిన్ అనే అమరిక ఇది. నడుమ ఎర్ర చదరం. ఆనవాయితీగా దాన్ని ఇంటి పొయ్యికి గుర్తు అంటారు. దాని చుట్టూ దుంగల్లా పీలికలు, రెండు వైపులా లేత రంగులు, రెండు వైపులా ముదురు రంగులు. చదరం రెండున్నర అంగుళాలకి, పీలికలు ఒకటిన్నర అంగుళానికి కత్తిరించుకుంది. కుట్టుకి రెండు పక్కలా పావు అంగుళం పోతే చదరం 2, పీలిక 1 అంగుళం మిగులుతాయి. మూడు చుట్లు తిరిగితే 8 అంగుళాల గడి. 6 అడుగుల బొంతకి వెడల్పున 6, పొడవున 9, మొత్తం 54 గడులు. ఆ పావు అంగుళం తప్పకుండా మిషను పళ్లెం మీద రంగు టేపు అంటించింది. గడికి కొద్దిపాటి తేడా వచ్చినా తొమ్మిదో గడి దగ్గరికి అది వేలెడవుతుంది.

లేతేదో ముదురేదో కంటికి ఎప్పుడూ తేలదు. కోడలు పీలికలన్నీ పక్కపక్కన పేర్చి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసింది. రంగు పోగానే నిజం బయటపడింది: ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి, ముదురనుకున్న నారింజ లేత వైపు నిలబడింది. పెద్దమ్మ దగ్గర ఇదే పరీక్ష ఫోను లేకుండా ఉంది. కళ్లు సగం మూసి, అరమోడ్పుగా చూసి, "ఇది అటు, అది ఇటు" అంటోంది. రెండు పద్ధతులూ చాలావరకు ఒకే మాట చెప్పాయి.

గడులు నేల మీద పేర్చి తిప్పడం మొదలయ్యాక పిల్లలూ వచ్చి చేరారు. గడి విడిచి గడిని తలకిందులుగా తిప్పి పెడితే లేత ముదురు చారలు ఐమూలగా పరుగెత్తాయి. అమెరికాలో ఆ అమరికని నాగలి చాలు పేరుతోనే పిలుస్తారు. నాలుగేసి గడుల ముదురు మూలల్ని కలిపితే ముగ్గులో గళ్లు లేచాయి. అవే గడులు, అవే కుట్లు, అమరిక మారితే బొంతే మారిపోతోంది.

కోడలు ఇంకో ఫొటో చూపిస్తోంది. అలబామా రాష్ట్రంలో నది వంపులో ఉన్న గీస్ బెండ్ అనే ఊరి బొంత. బానిసల వారసులైన నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన ఆ బొంతల్ని 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలకి ఎక్కించింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటితో బిళ్లలు వేసింది. ఈ ఫొటోలోది 1942 నాటిది. మిస్సౌరీ పెట్‌వే అనే ఆమె భర్త చనిపోయాక అతని పనిబట్టలు చింపి కుట్టుకున్నది. అన్నీ వెలిసిన పనిబట్టల రంగులే. పెద్దమ్మ ఫొటోని పెద్దది చేయించుకుని వేలితో ముక్కముక్కా తడిమింది. "మనిషి వేసుకున్న బట్ట ఇది. కొత్త గుడ్డకి ఈ రంగు రమ్మన్నా రాదు" అంది. తర్వాత ఏమీ చెప్పకుండా లేచి, గళ్ల లుంగీ తెచ్చి, గట్టిగా ఉన్న మేర చూసి కత్తెర పెట్టింది. కవందిలో నడిమి ముక్క అదే అవుతుంది.

కవంది చివరికొచ్చేసరికి నాలుగు మూలలూ బోసిగా ఉన్నాయి. సిద్దీలు అక్కడ చదరపు ముక్కల్ని త్రికోణాలుగా మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి కుడతారు. దాన్ని ఫూల అంటారు, పువ్వని. అది లేనిదే బొంత పూర్తయినట్టు కాదు. మనవరాలు పసుపూ, వంకాయరంగూ, తెలుపూ ఏరింది. పెద్దమ్మ మడిచింది. మూలకో పువ్వు పూసింది.

ఇక తీర్పు చెప్పాల్సింది నీళ్లు. పెద్ద టబ్బులో సబ్బునీళ్లు పోసి బొంతని ముంచి కాళ్లతో తొక్కుతున్నారు. పిండకూడదు, కుట్లు తెగుతాయి. నీరు కారేదాకా వాల్చి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని మేడ మీద పిట్టగోడకి ఆరేయాలి. ఆరాక చూడండి. గుడ్డ కొద్దిగా ముడుచుకుని, కుట్టుకీ కుట్టుకీ మధ్య పొంగి, చెయ్యి వేస్తే గతుకుగతుకుగా తగులుతోంది. కవంది నడుమ పెద్దమ్మ భయపడ్డ బుడగ లేదు. ఒకచోట మాత్రం మడత జారి పీచు బయటపడింది. అక్కడ గుడ్డ మరీ పలచన. దాని మీద ఇంకో ముక్క వేసి కుట్టేశారు. బొంతకి మరమ్మతంటే ఇంకో రంగు చేరడమే.

పెద్దమ్మ రెండు పద్ధతులకీ తలూపింది. చెయ్యి తీరిక ఉన్నప్పుడు కవంది, పీలికలు పోగుపడినప్పుడు గడుల బొంత. కొత్తది ఇంట్లోకి రావడానికి ఇంతకంటే మంచి తోవ నాకు తెలియదు: గుడ్డ ఒప్పుకోవాలి, కప్పుకునే మనిషికి హాయిగా ఉండాలి, ఉతుకు తట్టుకోవాలి. ఆ మూడూ దాటింది ఏ ఊరిదైనా మనదే. పాత గుడ్డల పని గనక దీన్ని లేమికి గుర్తుగా చూడటం మనకి అలవాటైంది. ఆ అలవాటు వదిలేద్దాం. ఇంత లెక్క, ఇంత రంగుల ఎంపిక, ఇంత ఓపిక ఉన్న పనిని నేర్చుకోవలసిన విద్యగానే చూడాలి.

మీరు మొదలుపెట్టేది చిన్నదైతే మంచిది. పసిపిల్లకి సరిపడా, వెడల్పున 3, పొడవున 4, మొత్తం 12 గడులు చాలు. వీధి చివర టైలరుని సాయంత్రం అడగండి. ఊడ్చి పారేసే పీలికలు సంచీడు ఇస్తాడు. మొదటి పని రంగులు ఏరడం కాదు. రుమాలు తడపండి.