డ్రిల్లు, చెడుగుడు, పిల్లల మనసు

పరిచయం

ఉయ్యూరులో నా చిన్నతనంలో చీకటి పడేదాకా చెడుగుడు ఆడిన నేనే, మర్నాడు బడిలో డ్రిల్లు గంట కొట్టగానే కడుపునొప్పి అని కూర్చునేవాణ్ణి. ఒంట్లో సత్తువ మారలేదు. మరి మారినదేమిటి? పిల్లల శారీరక శ్రమను ప్రభావితం చేసే మానసిక కారకాలను ఈ ప్రశ్నతో పరిశీలిద్దాం.

బడిలోకి వచ్చిన డ్రిల్లు

1882లో నియమితమైన హంటర్ కమిషన్, పిల్లల శారీరక వికాసానికి దేశీయ క్రీడలను, జిమ్నాస్టిక్స్‌ను, డ్రిల్లును ప్రోత్సహించాలని సిఫారసు చేసింది. 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించాడు. అప్పటికి కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలో భాగమని గుర్తుంచుకోండి. సిఫారసులో దేశీయ క్రీడలు ఉన్నా, మన వాడుకలో వ్యాయామోపాధ్యాయుడికి స్థిరపడిన పేరు 'డ్రిల్లు మాస్టారు'. వరుసలో నిలబడి ఆజ్ఞ పాటించడమే వ్యాయామమన్న భావన ఆ పేరులోనే కనిపిస్తుంది.

ఊరి ఆటలోని మానసిక కారకాలు

మనిషి ప్రేరణకు మూడు అవసరాలు మూలమని మనస్తత్వవేత్తలు డెసి, ర్యాన్ వివరించారు. అవి ఊరి ఆటల్లో ఎలా తీరేవో చూడండి.

1. స్వేచ్ఛ: ఏ ఆట ఆడాలో, ఎప్పుడు ఆపాలో పిల్లలే తేల్చుకునేవారు.

2. సామర్థ్య భావన: చెడుగుడులో పట్టుబడినవాడు, తన జట్టు ఎదుటివాణ్ణి ఔట్ చేస్తే తిరిగి బరిలోకి రావచ్చు. 1977లో బండూరా వివరించిన 'స్వీయ సామర్థ్యం', అంటే 'నేను చేయగలను' అన్న నమ్మకం, ఇటువంటి చిన్న విజయాలతోనే పెరుగుతుంది.

3. అనుబంధం: మరీ చిన్నవాణ్ణి 'ఆటలో అరటిపండు'గా చేర్చుకునేవారు. వాడు ఔటైనా లెక్కలేదు. అందరితో పరుగెత్తుతూనే ఆట నేర్చుకునేవాడు.

నా డ్రిల్లు గంటలో ఈ మూడూ లేవు. ఒకరోజు అడుగు తప్పితే అందరూ నవ్వారు. నా కడుపునొప్పికి కారణం ఆ నవ్వే.

కుటుంబ ప్రోత్సాహం మరో కారకం. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో 'ఇక ఆటలు చాలు' అన్న ఇంటిమాటే చాలాసార్లు మైదానానికి అడ్డుగోడ. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ తండ్రి ఒకప్పటి కబడ్డీ క్రీడాకారుడు. ఆమె 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది.

సారాంశం

5 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకు మైదానం ఒక్కటే చాలదు. ఆడనని మొరాయించే పిల్లవాణ్ణి బద్ధకస్తుడనే ముందు, వాడు ఎవరి నవ్వుకు భయపడుతున్నాడో కనుక్కోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'డ్రిల్లు మాస్టారు' అన్న పేరు ఏ భావనను సూచిస్తుంది?
2. మీ ఊరి ఆట ఒకదానిలో పై మూడు కారకాలను గుర్తించి రాయండి.