వైద్యుడు కట్టిన నాటకం

గరికపాటి రాజారావు గారు చదివింది వైద్యం, బతుకు ధారపోసింది నాటకానికి. వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలిని ఊరూరా నిలబెట్టినవాళ్లలో ఆయనది ముందు వరుస. ఆ మండలిలోనే కథకుడు నాజర్ బుర్రకథ ఎదిగింది: భుజాన తంబురా, బొటనవేలికి అందె, ఇరుపక్కలా గుమ్మెటలు, ఎదురుగా నేలమీద కూర్చున్న రైతుకూలీలు. తెలంగాణ రైతు గోడు చెబుతూ మండలి ఆడిన ‘మాభూమి’ నాటకాన్ని సర్కారు నిషేధించింది. ఆ మాటలకు ఎంత జడిసిందో!

మండలిపై సర్కారు నిర్బంధం పెరిగాక చాలామంది కళాకారులు సినిమాల కోసం మద్రాసు దారి పట్టారు. 1953లో వచ్చిన ‘పుట్టిల్లు’కు దర్శకుడూ, హీరో కూడా రాజారావే. సినిమా ఆడలేదు. కానీ జమున, అల్లు రామలింగయ్య తొలిసారి తెరకెక్కింది అందులోనే. 1963లో ఆయన పోయారు. ఇంత చేసిన మనిషిని సినిమా చరిత్రలో ఒక్క పేరాతో సరిపెట్టడం నాకు మింగుడుపడదు.