కట్టని వాయునౌకలకు పెట్టిన పేర్లు

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అని తెలుగువారి సామెత. పుట్టని బిడ్డకు పేరు పెట్టి మురిసిపోవువానిని చూచి లోకము నవ్వుతుంది. మానవుడు ఆకాశములోనికి ఎగురకముందే ఊహలో వాయునౌకలను నిర్మించి, వాటికి చమత్కారమైన పేర్లు పెట్టినవారి చరిత్ర కూడ ఇట్టిదే. అయితే ఈ సోమలింగముల కథలో నవ్వుతోపాటు నేర్వదగిన విషయము కూడ ఒకటి కలదు. పేరు విని నవ్వుట సులభము. "ఆ ఓడను పైకి లేపునది ఏది?" అని అడుగుట కష్టము. ఆ ప్రశ్నను విడిచినచోట నిజము కూడ నవ్వుపాలైనది.

గాలిలో నిలుచుటకు మార్గములు రెండు. మొదటిది, వస్తువు తాను తొలగించిన గాలికంటె తేలికగా నుండుట. నీటికి ఆర్కిమెడీస్ చెప్పిన సూత్రమే గాలికిని వర్తించును. రెండవది, గాలికంటె బరువుగానుండియు, గాలిని క్రిందికి నెట్టి తాను పైకి లేచుట. పక్షులు చేయు పని ఇదే.

1670లో ఇటలీ దేశపు మతాచార్యుడు ఫ్రాంచెస్కో లానా మొదటి మార్గమును అనుసరించి ఒక ఎగిరే ఓడను వర్ణించినాడు. నాలుగు పలుచని రాగి గోళములనుండి గాలిని తీసివేసినచో అవి ఓడను మోయునని ఆయన వాదము. తర్కము సరియైనదే, కాని గాలి ప్రతి చదరపు సెంటీమీటరుపైన సుమారు ఒక కిలోగ్రాము బరువుతో ఒత్తుచుండును. అంత పలుచని రాగి ఆ ఒత్తిడికి నలిగిపోక తప్పదు. ఆ ఓడ కాగితముపైననే ఉండిపోయినది.

పెద్ద పిట్ట

బర్తొలొమ్యు గుస్మావ్ 1685లో బ్రెజిల్‌లో పుట్టిన మతాచార్యుడు. 1709లో ఆయన పోర్చుగల్ రాజైన అయిదవ జాన్‌కు ఒక విజ్ఞాపన సమర్పించినాడు. ఆకాశములో ప్రయాణించు యంత్రమును తాను కనిపెట్టితిననియు, దానిపై హక్కు తనకే ఇప్పించవలసినదనియు దాని సారాంశము. రాజు అంగీకరించినాడు. కొద్దికాలములోనే ఒక వింత బొమ్మ యూరపు అంతట వ్యాపించినది. అందులోని ఓడకు పక్షి ముఖమును తోకయు గలవు, పైన తెరచాప, ఎత్తుటకు అయస్కాంతములు, అంబరు ముక్కలు! దానికి "పస్సరోల" అను పేరు వచ్చినది. పోర్చుగీసు భాషలో పక్షిని "పస్సరు" అందురు. పస్సరోల అనగా పెద్ద పిట్ట. గుస్మావ్‌కు సైతము "ఎగిరే ఫాదిరి" అను బిరుదు దక్కినది.

అయస్కాంతము ఇనుమును ఆకర్షించును గాని, ఓడలోనే ఉండి ఆ ఓడను పైకి లేపలేదు. బండిలో కూర్చున్నవాడు ఆ బండినే పైకి లాగబోయినట్లుండును. కావున ఆ బొమ్మను చూచి నవ్వినవారి తప్పు లేదు. అసలు పద్ధతి ఇతరులకు తెలియకుండుటకై ఆ బొమ్మను కావలెననియే వ్యాపింపజేసిరని కొందరు చరిత్రకారుల అభిప్రాయము.

కాని అదే 1709 ఆగస్టులో లిస్బన్‌లో రాజు సమక్షమున గుస్మావ్ చూపిన ప్రయోగము వేరు. అది ఒక చిన్న కాగితపు బెలూను. దాని క్రింద నిప్పు. అది చావడిలో పైకి లేచినది. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికయగును. 30 డిగ్రీల గాలిని 100 డిగ్రీల వరకు వేడిచేసినచో, అదే ఘనపరిమాణము గల గాలి బరువు దాదాపు అయిదవ వంతు తగ్గును. ఇదియే అసలు రహస్యము. లోకము పెద్ద పిట్టను గుర్తుంచుకొన్నది. చిన్న కాగితపు బెలూనును మరచినది. గుస్మావ్ 1724లో మరణించినాడు. ఫ్రాన్సులో మాంగొల్ఫియే సోదరులు వేడిగాలి బెలూనును బహిరంగముగా ఎగురవేసినది 1783 జూన్ 4న. అదే సంవత్సరము నవంబరు 21న ఇద్దరు మనుష్యులు అట్టి బెలూనులో పారిస్‌పై ఎగిరిరి. లిస్బన్ ప్రయోగమునకును దీనికిని నడుమ 74 సంవత్సరములు గడచినవి.

విద్యాదేవత ఓడ

రెండవ కథలో పేరు పెట్టినవాడే హాస్యగాడు. రాబర్ట్‌సన్ అను పేరుతో ప్రసిద్ధుడైన ఎతియెన్ గస్పార్ రాబర్ట్, దీపపు యంత్రముతో దయ్యముల నీడలు చూపి పారిస్ ప్రజలను హడలగొట్టినవాడు. 1803లో హాంబర్గునుండి బెలూనులో మిక్కిలి ఎత్తునకు వెళ్ళి వచ్చినవాడు. 1804లో వియన్నాలో ఆయన ఒక చిన్న పుస్తకము ప్రకటించినాడు. అందు వర్ణింపబడిన ఓడ పేరు "మినర్వా". మినర్వా రోమనుల విద్యాదేవత, మన సరస్వతి వంటిది. ఓడలో ప్రయాణీకులు 60 మంది పండితులు! వారికొరకు వంటశాల, ప్రార్థనా మందిరము, సంగీతశాల, నక్షత్రశాల. శిఖరముపైన ఒక కోడిపుంజు. స్త్రీల గది మాత్రము దూరముగా ఏర్పాటు చేయబడినది, పండితుల ఏకాగ్రత చెడకుండుటకు.

ఇది పండితులపై పరిహాసమని చదువగానే తెలియును. కాని లెక్క చూడవలెను. బెలూను వ్యాసము 150 అడుగులు. ఆనాటి ఫ్రెంచి కొలతలో ఇది సుమారు 49 మీటర్లు. ఘనపరిమాణము 60 వేల ఘనమీటర్లకు పైగా వచ్చును. ఒక ఘనమీటరు గాలి 1.29 కిలోగ్రాములు, ఉదజని, అనగా హైడ్రోజన్, 0.09 కిలోగ్రాములు తూగును. భేదము 1.2. కావున అట్టి బెలూను 72 వేల కిలోగ్రాముల బరువును ఎత్తగలదు. హాస్యములో లెక్క తప్పలేదు! లోపించినది వేరొకటి: ఓడను కోరిన దిక్కునకు నడుపగల యంత్రము. 1852లో హెన్రీ గిఫార్డ్ 3 అశ్వశక్తుల ఆవిరి యంత్రముతో నడుపువరకు బెలూను గాలివాటుననే పోవలసివచ్చినది.

"ముందుకు పద"

మూడవ కథ 1886 నాటి నవల. జూల్స్ వెర్న్ వ్రాసిన ఆ నవలలో బెలూను పక్షపాతులు తమ వాయునౌకకు పెట్టిన పేరు "గో ఎహెడ్", అనగా ముందుకు పద. ఆ సంఘాధ్యక్షుని పేరు ప్రూడెంట్, అనగా జాగ్రత్తపరుడు! ఓడను తోయు మర ముందుండవలెనా, వెనుకనుండవలెనా అని సభ్యులకు తగవు.  వారికి ప్రతిగా రోబర్ అను ఇంజనీరు "ఆల్బట్రాస్"లో వచ్చును. ఇది రెక్కలాడింపక సముద్రముపై చిరకాలము తేలు పక్షి పేరు. ఆ యంత్రము గాలికంటె బరువైనది; అనేక మరలు దానిని ఎత్తి నిలుపును. ఈ రెండు పేర్లలో గాలిలో నిలుచుటకు గల రెండు మార్గముల వాదము ఇమిడియున్నది.

చరిత్ర రెండు పక్షములను నిజము చేసినది. 1900 జూలై 2న జర్మనీలో జెప్పెలిన్ నౌక లేచినది. 1903 డిసెంబరు 17న అమెరికాలో రైట్ సోదరుల విమానము ఎగిరినది. 1936లో ఎగిరిన హిండెన్‌బర్గ్ వాయునౌకలో దాదాపు 2 లక్షల ఘనమీటర్ల ఉదజని, భోజనశాల, పియానో కూడ ఉండెను. మినర్వాలోని సంగీతశాల ఇక పరిహాసము కాలేదు. కాని 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్ వద్ద ఆ నౌక అంటుకొని 36 మంది మరణించిరి. ఎత్తుటలో ఉదజనిని మించినది లేదు. నిప్పునకు లోబడుటయు దానికి సహజమే. ఎంత బరువు ఎత్తునో చెప్పు లెక్క, ఎంత ప్రమాదకరమో చెప్పదు.

తెలుగువారికి పుష్పకము పేరు పురాణములనుండి తెలిసినదే. యంత్రము నిజముగా వచ్చినప్పుడు "విమానము" అను పాత మాట దానికి సిద్ధముగా నుండెను. పల్లెప్రజలు తమంతట తాము "గాలిమోటారు" అనిరి. గాలిలో పోవునది, మోటారుతో పోవునది. అది దేనిబలముతో పోవునో ఆ రెండు మాటలే చెప్పుచున్నవి.

తరగతిలో విద్యార్థులు ఊహానౌకలకు ఎన్ని చమత్కారపు పేర్లయినను పెట్టవచ్చును. పేరు ప్రక్కననే అది తొలగించు గాలి బరువెంత, నౌక బరువెంత అని రెండు అంకెలు కూడ వ్రాయించినచో, అది పెద్ద పిట్టయో, కాగితపు బెలూనో వారే తేల్చుకొందురు.