నికాహ్ ఫోటోల్లో వెలుగు తేడా రాకుండా కెమెరా సెట్టింగ్స్

షాదీఖానాలో ఒకే స్టేజీ, అవే లైట్లు. నిమిషం తేడాతో తీసిన రెండు ఫోటోల్లో ఒకదాంట్లో పెళ్లికొడుకు ముఖం మామూలుగా ఉంటుంది, ఇంకోదాంట్లో నల్లబడిపోతుంది. చాలామంది కెమెరా పాడైందనుకుంటారు. నిజానికి ఇది ఆటో మోడ్ వల్ల వచ్చే తేడా.

కెమెరాలోని లైట్ మీటర్‌కు మనిషెవరో, బట్టలేవో తెలియదు. ఎదురుగా కనిపించేదాన్నంతా మధ్యస్థమైన బూడిద రంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. తెల్ల కుర్తాలు, షేర్వానీలు ఫ్రేమ్ నిండా ఉంటే వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది. అప్పుడు ముఖాలు చీకటిగా వస్తాయి. నల్ల బురఖాలు ఎక్కువగా ఉన్న గ్రూప్ ఫోటోలో దీనికి రివర్స్. వెలుగు పెంచేస్తుంది, నలుపు వెలిసినట్టు, ముఖాలు తెల్లగా పాలిపోయినట్టు వస్తాయి. స్టేజీ మీద లైటు మారలేదు, బట్టలే మారాయి. కాబట్టి సెట్టింగ్స్ కూడా మారకూడదు.

మాన్యువల్ మోడ్

డయల్‌ను 'ఎం' మీద పెట్టాలి. వెలుగును నిర్ణయించేవి మూడు: ఎపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్‌ఓ. 'ఎం'లో ఉన్నా ఐఎస్‌ఓ ఆటోలో ఉంటే కెమెరా మళ్లీ వెలుగును మార్చేస్తుంది. అందుకే ఐఎస్‌ఓకు కూడా ఒక నంబర్ ఇచ్చి వదిలేయాలి.

ఫంక్షన్ మొదలవకముందే స్టేజీ మీద ఒకరిని కూర్చోబెట్టి టెస్ట్ ఫోటో తీయండి. ఎఫ్ 5.6, 1/100, ఐఎస్‌ఓ 1600తో మొదలుపెట్టి, ముఖం సరిగ్గా వచ్చేదాకా ఐఎస్‌ఓను పెంచడమో తగ్గించడమో చేయాలి. స్క్రీన్ మీద హిస్టోగ్రామ్ గ్రాఫ్ కుడి అంచుకు గుద్దుకుంటే తెల్ల బట్టల మీది డిజైన్ పోతున్నట్టు లెక్క. అంతా కుదిరాక ఆ సెట్టింగ్స్ ముట్టుకోవద్దు.

కిట్ లెన్స్‌తో జాగ్రత్త

18-55 కిట్ లెన్స్‌లో సాధారణంగా 18 దగ్గర ఎఫ్ 3.5 ఉంటుంది. 55కి జూమ్ చేస్తే అది 5.6కి పడిపోతుంది, ఫోటో చీకటవుతుంది. మొదటి నుంచీ 5.6 పెట్టుకుంటే జూమ్ చేసినా తేడా రాదు.

హాల్ లైట్లు

మన కరెంటు 50 హెర్ట్జ్. అందువల్ల చాలా ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి కనిపించదు గానీ, షట్టర్ మరీ వేగంగా ఉంటే ఒక్కో ఫోటో ఒక్కో వెలుగులో వస్తుంది. 1/50 లేదా 1/100 దగ్గర ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. నడిచేవాళ్లను తీయడానికి 1/200 పెడితే సగం వెలుగే వస్తుంది, ఐఎస్‌ఓను రెట్టింపు చేయాలి. మిణుకు తేడా మళ్లీ రావచ్చు కాబట్టి రెండు మూడు ఫోటోలు ఎక్కువ తీసుకోవాలి.

రంగు కూడా స్థిరంగా ఉండాలంటే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలోంచి తీసి ఒకే దగ్గర పెట్టాలి.

మాన్యువల్ కష్టమనిపిస్తే

ఏఈ లాక్ బటన్ ఉంది. కానన్‌లో నక్షత్రం గుర్తుతో, నికాన్, సోనీల్లో ఏఈఎల్ పేరుతో ఉంటుంది. ముఖం మీద మీటర్ చూసి లాక్ చేసి, తర్వాత ఫ్రేమ్ సరిచేసుకోవాలి. మబ్బులు వచ్చిపోయే ఆరుబయట మాన్యువల్ కంటే ఎపర్చర్ మోడ్ నయం. అక్కడ తెల్ల బట్టలు ఎక్కువుంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ వైపు, నల్లవి ఎక్కువుంటే మైనస్ వైపు జరపాలి.

స్టేజీ నుంచి దావత్ హాల్‌కు వెళ్తే లైటు మారినట్టే. అక్కడ మళ్లీ టెస్ట్ ఫోటో తీసి కొత్తగా సెట్ చేసుకోవాలి. ఈ పని రెండు నిమిషాలది. వదిలేస్తే ఆల్బమ్ చేసేటప్పుడు వందల ఫోటోలను ఒక్కొక్కటిగా సరిచేయాలి. పూర్తిగా తెల్లబడిపోయిన ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.