మెట్టకు ఆయిల్‌పామ్ వచ్చిన కథ

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాసే పాండిత్యం నాకు లేదు. పశ్చిమ గోదావరి మెట్ట మండలాల్లో గుమాస్తాగా అడంగళ్ళు రాసినవాణ్ణి గనుక, అక్కడికి ఆయిల్‌పామ్ ఎలా వచ్చిందో మనవి చేస్తాను.

ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. మలేషియా, ఇండోనేషియాలలో బాగా విస్తరించింది. అక్కడ ఏడాది పొడుగునా వానలే. మనకు వాన ఏటా 1,000 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ నాలుగైదు నెలల్లోనే. కనుక ఇక్కడ నీరు పెట్టి పెంచవలసిన పంట ఇది. వంటనూనెల దిగుమతి భారం తగ్గించాలని కేంద్రం నియమించిన చాధా కమిటీ, ఈ పంటకు తగిన ప్రాంతాలను గుర్తించి 1988లో నివేదిక ఇచ్చింది. అందులో మన రాష్ట్రానికి పెద్ద వాటా వచ్చింది. 1995లో పెదవేగిలో జాతీయ పరిశోధన కేంద్రం వెలిసింది.

పక్కనే గోదావరి డెల్టా ఉండగా మెట్టనే ఎందుకు ఎంచారు? ఈ చెట్టు వేళ్ళకు తడి కావాలి గాని, నీరు నిలవకూడదు. మెట్టలోని ఎర్ర నేలల్లో నీరు ఇంకిపోతుంది. బోర్లు అప్పటికే ఉన్నాయి. రెండో షరతు దూరం. గెల కోసిన 24 గంటల్లోగా మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత చెడుతుంది. అందుకే 1993 చట్టం మండలాలను మిల్లులకు కేటాయించి, ఆ మండలాల గెలలు కొనే బాధ్యత వాటిపైనే పెట్టింది. అంటే నేల ఎంత మంచిదైనా మిల్లుకు దారి లేకపోతే పనికిరాదన్నమాట.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, నీరు. ఎకరాకు 57 మొక్కలు. ఎదిగిన చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్లు, ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువే కావాలి. 200 చొప్పున లెక్కకట్టినా ఎకరాకు రోజుకు 11,400 లీటర్లు! నాటిన మూడు నాలుగేళ్ళకు గెల వస్తుంది, తోట పాతికేళ్ళకు పైగా నిలుస్తుంది. వరి అయితే ఈ ఏడు మాని మరో పంట వేసుకోవచ్చు. తోటను అలా మార్చలేము. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక మోటారు ఖర్చు తగ్గింది గాని, భూమిలో నీరు పెరగలేదు.

మన అడంగల్లో నీటి వనరు ఏదో రాసే గడి ఉంది. ఆ నీరు పాతికేళ్ళు ఉంటుందా అని అడిగే గడి లేదు. దాన్ని రైతే పూరించుకోవాలి.

2020 అంచనా ప్రకారం దేశంలో సుమారు 28 లక్షల హెక్టార్లు ఈ పంటకు అనువైనవి. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ప్రకటించింది. తెలంగాణలో అశ్వారావుపేట వైపు మొదటినుంచీ ఉన్న తోటలు ఇప్పుడు ఇతర జిల్లాలకూ పాకుతున్నాయి. మనలో పలువురికి స్వగ్రామాల్లో రెండు మూడెకరాలు ఉన్నాయి, పిల్లలు సలహా అడుగుతున్నారు. మట్టి పరీక్ష చేయించమనండి, మిల్లు ఎంత దూరమో కనుక్కోమనండి. అన్నిటికన్నా ముందు, నడి వేసవిలో ఇరుగుపొరుగు బోర్లు ఎన్ని గంటలు పోస్తున్నాయో చూసి రమ్మనండి.