యువ సీవర్డ్ మరణం: నాటకంలో, చరిత్రలో

‘మాక్‌బెత్’ నాటకం చదివినవారిలో చాలామందికి యువ సీవర్డ్ పేరు గుర్తుండదు. ఐదవ అంకం చివర, డన్సినేన్ కోట దగ్గర జరిగే యుద్ధంలో అతడు మాక్‌బెత్‌కు ఎదురుపడి పేరు అడుగుతాడు. ఆ పేరు విని బెదరడు. కొద్దిసేపు పోరాడి నేలకూలుతాడు. స్త్రీకి పుట్టినవాడెవడూ తనకు హాని చేయలేడన్న జోస్యాన్ని నమ్ముకున్న మాక్‌బెత్, ఇతడూ స్త్రీకి పుట్టినవాడే కదా అని ఎగతాళి చేసి వెళ్ళిపోతాడు. తరువాత ఈ వార్త విన్న తండ్రి, కొడుకు చనిపోయాడని రూఢి చేసుకుని, గాయాలు ముందువైపు తగిలాయా అని అడుగుతాడు. అవునని తెలియగానే, తన కొడుకులకు ఇంతకంటే మంచి చావు కోరనంటాడు. అతని కోసం ఇంకా దుఃఖించాలని మాల్కం అన్నా అంగీకరించడు.

కొడుకు వెన్ను చూపలేదన్న మాటతో ఊరట పొందే తండ్రి మనకు కొత్తకాదు. పల్నాటి బాలచంద్రుని కథ విన్నవారికి ఈ భావం సులభంగా అర్థమవుతుంది. అయితే చరిత్ర విద్యార్థి ఇక్కడ వేరే ప్రశ్న వేయాలి: ఈ మరణం నిజంగా జరిగిందా? జరిగితే మనకు ఎవరు చెప్పారు?

జరిగింది. 1054 జులై 27న నార్తంబ్రియా ఎర్ల్ (రాజు కింద ఒక పెద్ద ప్రాంతాన్ని ఏలే ప్రభువు) అయిన సీవర్డ్, నౌకాబలంతోను పదాతిబలంతోను స్కాట్లండ్ మీదికి వెళ్ళి మాక్‌బెత్‌ను ఓడించాడు. ‘ఆంగ్లో-శాక్సన్ క్రానికల్’ ప్రతులలో ఒకటి, ఆ యుద్ధంలో సీవర్డ్ కుమారుడు ఆస్బ్యోర్న్, సోదరి కుమారుడు సీవర్డ్, వారి అంగరక్షక భటులు కొందరు చనిపోయారని చెబుతుంది. అంటే ‘సీవర్డ్’ అన్న పేరు గల యువకుడు కొడుకు కాదు, మేనల్లుడు. ఐర్లండ్‌లోని అల్‌స్టర్ వార్షిక వృత్తాంతాలు స్కాట్లు 3,000 మంది, ఇంగ్లీషువారు 1,500 మంది మరణించారంటాయి. మధ్యయుగ రచయితలు ఇచ్చే ఇటువంటి అంకెలను అక్షరాలా నమ్మనవసరం లేదు కాని, అది చిన్న ఘర్షణ కాదని మాత్రం వాటినుంచి గ్రహించవచ్చు.

ఆస్బ్యోర్న్‌ను ఎవరు చంపారో క్రానికల్ చెప్పదు. మాక్‌బెత్ ఆనాడు చావలేదు కూడా. యుద్ధభూమి నుంచి తప్పించుకుని మరో మూడేళ్ళు బతికి, 1057లో లంఫానన్ వద్ద మాల్కం చేతిలో మరణించాడు. అతడు పాలించిన కాలం 17 సంవత్సరాలు. నాటకం దీనినంతా కొద్దిపాటి కాలంలోకి కుదించింది.

మరి గాయం గురించిన ప్రశ్న ఎక్కడిది? యుద్ధకాలపు క్రానికల్‌లో అది లేదు. 12వ శతాబ్దంలో చరిత్ర రాసిన హంటింగ్డన్ హెన్రీ అనే క్రైస్తవ మతాధికారి గ్రంథంలో కనిపిస్తుంది. అతని కథలో సీవర్డ్ ముందుగా కొడుకును స్కాట్లండ్‌కు పంపుతాడు. కొడుకు చనిపోయిన తరువాతే తాను బయలుదేరుతాడు. అంటే తండ్రీకొడుకులు ఒకే యుద్ధంలో లేరు! అదే హెన్రీ సీవర్డ్ మరణం గురించి కూడా ఇటువంటి కథే చెప్పాడు: విరేచనాల వ్యాధితో మంచాన పడి చావడం సిగ్గుగా భావించి, కవచం తొడిగించుకుని, ఆయుధాలు పట్టుకుని ప్రాణం విడిచాడట. రెండు కథలూ ఒకే అచ్చులో పోసినట్లు లేవూ? ఇవి సీవర్డ్ మనస్సుకు సాక్ష్యం అనడంకన్నా, తరువాతి తరాలు అతనిని ఎలా తలచుకున్నాయో చెప్పే సాక్ష్యం అనడం సమంజసం. గాయం కథ 16వ శతాబ్దంలో హోలిన్‌షెడ్ చరిత్రలోకి, అక్కడినుంచి షేక్స్‌పియర్ రంగస్థలం మీదికి చేరింది.

ఇంతకూ ఈ మరణం వల్ల ఏమి జరిగింది? నాటకంలో ఏమీ జరగదు. విజయగీతం మధ్యలో అదొక విషాద స్వరం, అంతే. చరిత్రలో అలా కాదు. 1055లో సీవర్డ్ చనిపోయేనాటికి పెద్దకొడుకు లేడు, మిగిలిన కొడుకు వాల్తియోఫ్ ఇంకా చిన్నవాడు. అందువల్ల ఎడ్వర్డ్ రాజు నార్తంబ్రియాను బయటివాడైన టోస్టిగ్‌కు అప్పగించాడు. ఇతడు గాడ్విన్ కుమారుడు, రాణికి సోదరుడు. పదేళ్ళ తరువాత, 1065లో, అతని పన్నులనూ కఠిన పాలననూ భరించలేక ప్రజలు తిరగబడ్డారు. అన్న హరాల్డ్ తనను కాపాడలేదని కక్షపెంచుకున్న టోస్టిగ్, 1066లో నార్వే రాజుతో కలిసి ఇంగ్లండ్‌పై దండెత్తాడు. సెప్టెంబరు 25న స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ వద్ద హరాల్డ్ వారిద్దరినీ ఓడించి చంపాడు. మూడు వారాలైనా తిరగకుండానే, అక్టోబరు 14న, అలసిన సైన్యంతో హేస్టింగ్స్‌లో విలియమ్‌ను ఎదుర్కొని తానూ హతుడయ్యాడు.

ఆస్బ్యోర్న్ బతికి ఉంటే ఇవేవీ జరిగేవి కావని అనలేము. నార్మన్ విజయానికి వేరే కారణాలు అనేకం. కాని నార్తంబ్రియాలో టోస్టిగ్‌కు చోటు దొరకడానికి ఆ ఖాళీ ఒక కారణమని చెప్పడం అతిశయోక్తి కాదు. వాల్తియోఫ్ తరువాత పెరిగి తండ్రి పదవిని పొందాడు. 1076లో విలియమ్ అతనికి మరణశిక్ష విధించాడు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: ఆస్బ్యోర్న్ మరణం గురించి క్రానికల్, హెన్రీ, షేక్స్‌పియర్ చెప్పినవాటిలో పరస్పరం పొసగని అంశాలు ఏవి? వాటిలో దేనిని మీరు ఆధారంగా స్వీకరిస్తారు, ఎందుకు?